ఏరు దాటితే పరదేశం

తుమ్మలరేవు, నైజాం ఇలాకా
1947 జూన్

చిరంజీవి దేవానందానికి అక్క దీవెనలు.

ఒరేయ్, ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివావంటే నీ అలవాటు చొప్పున మాచర్ల బజారంతా పరుగెత్తి చెప్పొస్తావు.

మొన్న ఆదివారం పొద్దున మా గూడెంలో తొమ్మిది ఇళ్ళవాళ్ళు కృష్ణలో బాప్తిస్మం పుచ్చుకున్నారు! మీ బావా నేనూ ఈ ఊరొచ్చి బడి పెట్టి ఆరేళ్ళవుతోంది. పిల్లల్ని పలక పట్టుకోనిస్తే చాలనుకున్నాం. వీళ్ళంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నీళ్ళలోకి దిగుతుంటే మీ బావ పాట అందుకోబోయి ఏడ్చేశాడు. పాట నేనే ఎత్తుకోవాల్సొచ్చింది.

అందరికంటే ముందు దిగింది లచ్చయ్య. ఈ చుట్టుపక్కల పది ఊళ్ళలో అతనిలా డప్పు కొట్టేవాడు లేడు. నీళ్ళలో మునిగి లేచి, తల విదిలించుకుని పకపకా నవ్వాడు. బాప్తిస్మమిచ్చే అయ్యగారు "ఏమయ్యా?" అంటే, "ఏం లేదయ్యా, ఇంత సల్లగ ఉంటదనుకోలె" అన్నాడు. ఇప్పుడతని పేరు లూకా. తనే ఎంచుకున్నాడు. పలకడానికి తేలిగ్గా ఉందట.

దొరగారి గుమాస్తా ఒడ్డున నిలబడి మొదటినుంచి చివరిదాకా చూశాడు. ఈ ఊరి భూమంతా దొరదే కదా. దున్నడం, మొయ్యడం, ఆయనుండే గడి ఊడవడం అన్నీ గూడెంవాళ్ళు కూలి లేకుండా చెయ్యాల్సిందే. శ్రావణంలో జాతర ఉంది. అప్పుడు ఏమంటాడో చూడాలి. ఇవాళ మాత్రం నాకు భయం వెయ్యడం లేదు.

ఈ ఉత్తరం మౌలాలీతో పంపుతున్నాను. నూర్ మొహమ్మద్ సాయిబు పడవ నడుపుతాడే, అతనే. ఇక్కడి టపాలో వేస్తే ఎవరు విప్పుతారో తెలియదు.

మీ అక్క
రూతమ్మ


మాచర్ల
1947 ఆగస్టు 16

అక్కా, వందనాలు!

నిన్న మా బడి మీద జెండా ఎగరేశాం! తాడు చిక్కుపడితే నేనే స్తంభం ఎక్కాను. చొక్కా చిరిగింది. చిరిగిన చొక్కాతోనే ఉపన్యాసం ఇచ్చాను. మీ తుమ్మలరేవు సంగతి చెప్పాను, లూకా నవ్వు సంగతీ చెప్పాను. ఒకటే చప్పట్లు! స్టేషన్ మాస్టరు కళ్ళు తుడుచుకోవడం నా కళ్ళతో చూశాను.

ఒక విచిత్రం గమనించావా? మొన్నటిదాకా మనిద్దరి మధ్య ఒక ఏరే ఉండేది. నిజాం గారు ఎవరిలోనూ కలవనంటున్నారు కాబట్టి నిన్నటినుంచి నువ్వు పరదేశంలో ఉన్నట్టు లెక్క! మా అక్క విదేశాల్లో ఉందని అందరికీ చెప్పుకుంటున్నాను.

వేళాకోళం కాదక్కా. ఇంతకుముందు ఎక్కడ ఏ అన్యాయం జరిగినా తెల్లవాడికి అర్జీ పెట్టుకుని ఊరుకునేవాళ్ళం. ఇక మనకూ ఒక దేశం ఉంది. దేశమన్నాక నోరుంటుంది. నమ్మిన దేవుణ్ణి కొలిచినందుకు ఎవర్ని ఎక్కడ బాధపెట్టినా ఆ నోరు పలకాలి. పలికిస్తాం!

జాతరలో ఏమైందో రాయి. బావ ఏమంటున్నాడు? నా మేనకోడలు ఎస్తేరు అక్షరాలు నేర్చిందా?

తమ్ముడు
దేవానందం


తుమ్మలరేవు
1947 సెప్టెంబరు

తమ్ముడూ,

జాతర అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

డప్పు కొట్టమని పిలుపొచ్చింది. లూకా, ఇంకా నలుగురు గడికి వెళ్ళి, ఇక జాతర బలికి డప్పు కొట్టేది లేదని చెప్పారు. పొలం పనికి వస్తాం, ఆదివారం తప్ప, కూలి ఇప్పించండి అని కూడా అడిగారు. నేను గేటు దగ్గర ఆడవాళ్ళతో నిలబడి విన్నాను. దొర అరుగు మీద కూర్చుని తాపీగానే అన్నాడు:

"దేవుణ్ణి మార్చుకుంటే మార్చుకో. డప్పు నాది గదరా!"

లూకా భుజం మీది డప్పు తీసి అరుగు ముందు పెట్టాడు. "డప్పు మీదే దొరా, తీసుకోండ్రి. చేతులు మాత్రం నావి."

అయిదుగురినీ అక్కడికక్కడే బందెలదొడ్లో వేశారు. పొలంలో పడ్డ గొడ్లను కట్టేసే దొడ్డి అది. అమీన్ వచ్చాడు. మతం మార్చుకుని ఊళ్ళో అల్లరి లేపుతున్నారని పోలీసు పుస్తకంలో రాసుకుపోయాడు. మరునాడు గూడెం బావిలో కంప వేశారు. తర్వాత మూడు ఇళ్ళ పైకప్పులు లాగేశారు. వానలో పిల్లలంతా మా బడిలో తలదాచుకున్నారు. నవ్వొస్తోంది, బడికి ఇంతమంది ఎన్నడూ రాలేదు.

ఊళ్ళోని శాలోళ్ళ పిచ్చమ్మ చీకటితోనే మాకు నాలుగు కడవల నీళ్ళు పెరటిగుమ్మంలో పెట్టిపోతోంది. ఎవరికీ చెప్పకు.

మీ బావ పనిమీద మిర్యాలగూడెం వెళ్ళాడు. రాగానే ఉత్తరం రాస్తాడు. ఎస్తేరు 'అ' నుంచి 'అః' దాకా గడగడా చదువుతోంది.

అక్క


మాచర్ల
1947 అక్టోబరు

అక్కా!

నీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. మర్నాడే బజారు సత్రంలో సభ పెట్టించాను. జనం వీధిలో కూడా నిలబడ్డారు!

ముందు ప్లీడరు గోపాలకృష్ణయ్య గారు లేచారు. "పక్కింట్లో గొడవైతే గోడ మీంచి పిలవొచ్చుగానీ, గోడ దూకకూడదు. ఒక సర్కారు ఇంకో సర్కారు అంతరంగిక వ్యవహారంలో చెయ్యి పెట్టకూడదు. అందరి సంతకాలతో ఢిల్లీకి మహజరు పంపుదాం" అన్నారు. నేను ఊరుకుంటానా? "మనుషుల్ని పశువుల దొడ్లో కట్టేస్తే అది ఇంటి వ్యవహారమా అండీ?" అన్నాను. సత్రం దద్దరిల్లింది.

అప్పుడు ఉప్పు, కిరసనాయిలు వర్తకం చేసే గురునాథం శెట్టిగారు లేచారు. ఆయన సభలో మాట్లాడగా మేమెవరం ఎన్నడూ చూడలేదు.

"వాళ్ళు ఏ దేవుణ్ణి మొక్కితే నాకేంది? మనిషిని బందెలదొడ్లో పెట్టటం నాకు నచ్చలా. ఆ ఊరికి ఉప్పు నా కొట్టునించే పోవాల. రేపట్నించీ పోదు. దొర సప్పిడి కూడు తిననీ!"

ఒకటే కేకలు, ఈలలు! వర్తకులంతా సరేనన్నారు. ఎవడో వెనకనుంచి నూర్ మొహమ్మద్ సాయిబును "ఏం సాయిబూ, మీ రాజు సంగతి మీరేమంటారు?" అని ఎత్తిపొడిచాడు. ఆయన నెమ్మదిగా లేచి, "మా నాయన సమాధి మాచర్లలో ఉంది. నా రాజు అక్కడెట్టా ఉంటాడయ్యా?" అన్నాడు. ఆ తర్వాత, "ఉప్పు ఆపితే ఆ దెబ్బ దొర దాకా పోదేమో, చూసుకోండి" అని కూర్చున్నాడు. ఆ గోలలో ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

మహజరు కూడా పంపాం. పత్రికకు నేనే రాశాను. ఇక చూడు, దొర దిగొస్తాడు!

దేవానందం


తుమ్మలరేవు
1947 నవంబరు

దేవానందం,

ఎవర్నడిగి ఉప్పు ఆపారు?

గడిలో రెండేళ్ళకు సరిపడా ఉప్పు ఉంది. దొర సప్పిడి కూడు తినడం లేదు. గుమాస్తా చేత ఊళ్ళో చాటింపు వేయించాడు: "గూడెంవాళ్ళ మూలాన అవతలోళ్ళు మీ ఉప్పు ఆపిండ్రు." అంతే. నీళ్ళు తెచ్చిపెట్టే పిచ్చమ్మ నిన్న రాలేదు. నేనే వెళితే తలుపు సగం తీసి, "నా మనవడు సప్పిడి గంజి తాగలేక ఏడుస్తుండు రూతమ్మా. ఇంక నేను రాలేను" అంది. ఆమెను నేనేమనగలను?

మీ సత్రంలో చప్పట్లు కొట్టారు. ఇక్కడ మాకున్న ఒక్క తలుపు మూసుకుంది. సభలో అంతమంది ఉన్నారే, "అవతల వాళ్ళకేం కావాలో అడుగుదాం" అని ఒక్కరికైనా తోచలేదా? మౌలాలీ వారానికొకసారి వస్తూనే ఉన్నాడు కదా, ఒక ముక్క రాసి పంపితే చెప్పకపోదుమా?

నువ్వు చిన్నబుచ్చుకుంటావని తెలుసు. చిన్నబుచ్చుకో. తర్వాత ఇది చదువు.

సాయంత్రం దొడ్డి గోడ అవతల నిలబడి, ఇంకా లోపలే ఉన్న లూకాను అడిగాను, మీకేం కావాలని. మమ్మల్ని ఏరు దాటించమని అంటాడనుకున్నాను. "మేమెందుకు పోవాలె? మా తాతలు గీ మట్టిలనే ఉన్నరు. పొయ్యేది మేము గాదు" అన్నాడు. తమ పేర్లు పత్రికలో పడాలన్నాడు. అయిదుగురివీ, తండ్రి పేరుతో సహా. దొరకు పత్రిక వస్తుంది. లోపల ఉన్నవాళ్ళ పేర్లు బయట తెలిస్తే వాళ్ళ మీద చెయ్యి ఎత్తేముందు ఆలోచిస్తాడు. ఇంకో మాట కూడా అన్నాడు. దొరకు ఇప్పుడు బెంగంతా ఆముదాల మీదట. గాదెలు నిండిపోయాయి. అవి ఏరు దాటి మీ రైలెక్కకపోతే పురుగు పడుతుందట.

ఊరు తినేదాన్ని ఆపకండి. దొర అమ్ముకునేదాన్ని ఆపండి.

మీ బావ ఇంకా రాలేదు.

అక్క


మాచర్ల
1947 నవంబరు చివర

అక్కా,

చిన్నబుచ్చుకున్నాను. ఒక పూట. తర్వాత పరుగెత్తాను!

నీ ఉత్తరం గురునాథం శెట్టిగారికి చదివి వినిపించాను. ఆయన మొహం మాడిపోయింది. "పిల్లోడు సప్పిడి గంజి తాగుతున్నాడా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ సాయంత్రమే ఉప్పు బస్తాలు రేవుకు పంపాడు. ఆముదాల మాట ఎత్తేసరికి మాత్రం తల పట్టుకున్నాడు. "నేను కొనకపోతే ఇంకొకడు కొంటాడు గదయ్యా!"

అక్కడే కూర్చున్న నూర్ మొహమ్మద్ సాయిబు అన్నాడు: "ఎవడు కొన్నా నా పడవ ఎక్కాల్సిందేగా శెట్టీ. ఎక్కదు. మిగతా రైతుల సరుకు ఎక్కిద్ది. దొర సరుకు ఎక్కదు."

"ఈ ఏడు నీ పడవలకు కిరాయి ఉండదే?"

"నీకు మాత్రం యాపారం ఉందా ఏంది? ఇద్దరం కలిసి ఈగలు తోలుకుందాం."

అక్కా, ఇద్దరూ నవ్వారు! సభలో ఇన్ని కేకలు విన్నాను, ఆ నవ్వు విన్నప్పుడు గుండె కొట్టుకున్నట్టు ఎప్పుడూ కొట్టుకోలేదు.

పత్రికలో అయిదు పేర్లూ వచ్చాయి! మౌలాలీ పడవలో ఎవరెక్కినా వాళ్ళకు చదివి వినిపిస్తున్నాడు. అతనికి చదవడం రాదు. నేను చెప్పింది కంఠతా పట్టి కాగితం ఎదురుగా పెట్టుకుంటున్నాడు. మన మహజరుకు జవాబు కూడా వచ్చింది, "విషయము గమనించబడినది" అని. గోపాలకృష్ణయ్య గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "గమనించారటయ్యా" అని నిట్టూర్చి, ఇంకో మహజరు రాయడం మొదలుపెట్టారు. ఆయన్ని ఇదివరకు ఎగతాళి చేశాను, ఇక చెయ్యను. అదీ జరుగుతూ ఉండాల్సిందే.

బావ ఇన్నాళ్ళు మిర్యాలగూడెంలో ఏం చేస్తున్నాడు? నిజం రాయి.

దేవానందం


తుమ్మలరేవు
1947 డిసెంబరు

తమ్ముడూ,

వదిలేశారు! అయిదుగురినీ వదిలేశారు! కాదు, ఆరుగురిని.

ముందు సంతోషం చెబుతాను. దొర బళ్ళు ఆముదాల బస్తాలతో రేవులో నిలిచిపోయాయి. పడవవాళ్ళు రైతుల బస్తాలెక్కించుకుని, దొరవి వదిలేసి వెళ్ళిపోతున్నారు. చివరకు దొరే కబురు పెట్టి సాయిబును గడికి పిలిపించాడు. పిచ్చమ్మ మళ్ళీ నీళ్ళు తెస్తోంది, ఆమె కొడుకు గడిలో పంకా లాగుతాడు. మాటామాటా అతనే చెప్పాడు.

దొర అడిగాడట: "వాళ్ళు నీ మతపోళ్ళు గాదు, నీ ఊరోళ్ళు గాదు. నీకేమయ్యింది సాయిబూ?"

"ఎవరు ఎవర్ని మొక్కేదీ నా పడవ మీద బరువు కాదు దొరగారూ. దొడ్లో మనుషులుంటే మాత్రం మీ సరుకు నాకు మొయ్యలేనంత బరువు."

"నువ్వు మళ్ల ఈ ఒడ్డున అడుగుపెడితే కాళ్ళు ఇరగ్గొట్టిస్త!"

"కాళ్ళిరిగినా పడవలు నావే గదండీ."

రెండు రోజులకు దొడ్డి తలుపు తెరిచారు. తప్పయిందని వేలిముద్ర వేస్తే వెళ్ళనిస్తామన్నారు, ఎవరూ వెయ్యలేదు. అయినా తరిమేశారు. లూకా బయటికొచ్చి నేరుగా బావి దగ్గరికి వెళ్ళి, చొక్కా విప్పి, కంప లాగడం మొదలుపెట్టాడు. ఇంటికి కూడా పోలేదు! గూడెమంతా దిగింది. చీకటి పడేలోపు నీళ్ళు కనిపించాయి.

ఇప్పుడు ఆరోవాడి సంగతి. మీ బావ మిర్యాలగూడెం వెళ్ళలేదురా. జాతర మర్నాడు అమీన్‌ను ఎదిరించి అడిగినందుకు ఆయన్నీ దొడ్లో వేశారు. నీకు చెబితే నువ్వు ఆ రోజే ఏరు ఈదుకొచ్చేవాడివి. ఏడుగురు అయ్యేవాళ్ళు. పత్రికలోనూ ఆయన పేరు వద్దన్నాను, నీ కంట పడుతుందని. దెబ్బలకు ఎడమకాలు విరిగింది, కట్టు కట్టేవాళ్ళు లేక వంకరగా అతుక్కుంటోంది. జ్వరం తగ్గడం లేదు. మన వైపు ఆసుపత్రికి చేర్చాలి.

మేము దాటితే బడికి అమీన్ తాళం వేస్తాడు. పంతులు లేని బడి బడి కాదంటాడు. గూడెంవాళ్ళు నిన్న రాత్రి ప్రార్థన తర్వాత మాట్లాడుకున్నారు. లూకా నన్నడిగాడు: "బడి చెప్పనీకి మీ తమ్ముడు వస్తడా?"

నేను రమ్మనడం లేదు. వాళ్ళడిగారు, రాస్తున్నాను. ఇక్కడ ఏమైనా జరగొచ్చు. ఆలోచించుకో.

అక్క


మాచర్ల
1947 డిసెంబరు

అక్కా, ఎందుకు దాచావు! నీతో మాట్లాడకూడదు. శనివారం పొద్దున మౌలాలీ పడవలో వస్తున్నాను. మీకోసం సాయిబు ఇంకో పడవ ముందే పంపుతాడు, బావను దుప్పటి కప్పి రేవుకు తీసుకురండి. పలకలు కొన్నాను.

దేవానందం


మాచర్ల
1948 జనవరి

నా తండ్రీ దేవానందం,

అంతా క్షేమం. మీ బావ కాలు మళ్ళీ విరిచి సరిగ్గా కట్టారు. పెట్టిన కేకలు ఆసుపత్రంతా వినబడ్డాయి. ఇప్పుడు జావ తాగుతున్నాడు, నర్సులతో పాటలు పాడిస్తున్నాడు. కర్రతో నడుస్తాడట. నడిచేది ఎటో నాకు తెలుసు.

ఏటి మధ్యలో నీ పడవా మా పడవా ఎదురైనప్పుడు ఎన్నో చెప్పాలనుకున్నాను. నువ్వు లేచి నిలబడి చేతులూపుతుంటే పడవ బోర్లా పడుతుందని మౌలాలీ నిన్ను తిట్టడమే వినబడింది. ఎస్తేరు "మామా, ఎటు పోతున్నావు?" అని అరిచింది. "మీ ఊరికే!" అన్నావు. అంతే కదా మనం మాట్లాడుకుంది? అటు తిరిగి ఇంతసేపు ఏడ్చాను.

ఇవతలి రేవులో ఎంతమంది జనం! గురునాథం శెట్టిగారు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి మీ బావను మోశారు. ఆయన భార్య సుబ్బరత్నం గారు మా ఇంటికి రోజూ మజ్జిగ పంపుతోంది. "మీరు మా మతంలోంచి పోయినోళ్ళు అని మా అత్త గొణుగుద్ది, పట్టించుకోబాకమ్మా" అని నా ముందే చెప్పింది. దాచుకోకుండా చెప్పినందుకు ఆమె నాకు నచ్చింది.

నీ సత్రం సభవాళ్ళు నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను. పరదేశంలో ఒకణ్ణి బాధపెడుతుంటే మనమేం చెయ్యాలని ఒకాయన అడిగాడు. "అడగండి. వాళ్ళు చెప్పింది వినండి. విన్నాక మీకు నష్టమైనా చెయ్యండి" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. 

జాగ్రత్త నాన్నా. ఎవరితోనూ నోరు జారకు.

అక్క


తుమ్మలరేవు, నైజాం ఇలాకా
1948 జనవరి

అక్కా, బావా, వందనాలు.

బడి నడుస్తోంది! పొద్దున పిల్లలు, సాయంత్రం పెద్దలు. లూకా భార్య సాయమ్మ పలక మీద తన పేరు రాసి, చెరిపేస్తారేమోనని పలక ఇంటికి పట్టుకుపోయింది. ఇప్పటికీ ఇవ్వలేదు.

భయం లేదని అబద్ధం రాయను. రాత్రిళ్ళు ప్రతి చప్పుడుకూ లేస్తున్నాను. గడి మనుషులు బడి ముందు నుంచి రోజుకు రెండుసార్లు నడుస్తారు. దొర మమ్మల్ని మర్చిపోలేదు. ఆదివారం పనికి పిలవడం మానేశాడు, కూలి మాత్రం ఇంకా ఇవ్వలేదు. గూడెంవాళ్ళు ప్రతి వారం వెళ్ళి అడుగుతున్నారు.

నిన్న అమీన్ వచ్చాడు. నేను గుణింతాలు చెబుతున్నాను. వెనక చాప మీద పెద్దవాళ్ళు కూర్చున్నారు. ఆయన చెప్పులతోనే లోపలికొచ్చి నన్ను కిందా మీదా చూశాడు.

"నీది ఏ ఊరు?"

"మాచర్ల అండీ."

"అంటే పరాయి ముల్కువాడివి. మా ఇలాకాల నీకేం పని? ఎవరు పంపిండ్రు నిన్ను? మీ సర్కారా? మీ మిషనా? ఏ పార్టీ?"

అక్కా, నీకు తెలుసుగా నా సంగతి. జవాబుగా ఒక పెద్ద ఉపన్యాసం గొంతు దాకా వచ్చింది. దేశం, స్వేచ్ఛ, అంతరాత్మ, అన్నీ వరసగా నిలబడ్డాయి. నోరు తెరిచాను కూడా.

అప్పటికే వెనకనుంచి లూకా లేచాడు. చేతిలో బలపం, వేళ్ళనిండా సుద్ద.

"ఎవ్వలు పంపలె అమీన్‌ సాబ్," అన్నాడు. "మేం పిలిస్తే వచ్చిండు."

అమీన్ అతని వంక చూశాడు. చాప మీద కూర్చున్న ఒక్కొక్కరి వంకా చూశాడు. ఎవరూ తల దించలేదు. రాసుకోవడానికి కాగితం తీసి, ఏమని రాయాలో తెలియక కాబోలు, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, "తలుపు ఊగుతుంది, మేకు కొట్టించుకో" అన్నాడు.

రేపు మళ్ళీ వస్తాడో, ఇంకెవర్ని వెంట తెస్తాడో తెలియదు. ఇవాళ 'క' గుణింతం పూర్తయింది. రేపు పొద్దున్నే 'ఖ' మొదలుపెట్టాలి.

మీ
దేవానందం